కామెంటేటర్ నోరు జారినప్పుడు మనం ఏం చేయాలి, ఎలా చేయాలి

మ్యాచ్ మంచి రసపట్టులో ఉంటుంది. కామెంటరీ బాక్సు నుంచి ఒక మాట వచ్చి చెవిలో పడుతుంది, ఆటగాడి ఒంటి రంగు గురించో, మతం గురించో, అతను మాట్లాడే యాస గురించో. "ఇప్పుడేమన్నాడు?" అని పక్కవాళ్లని అడిగేలోపే ఇంకో బంతి పడిపోతుంది. పది నిమిషాలాగి ఫోన్ తీస్తే ఆ మాట క్లిప్ అయి తిరుగుతుంటుంది. కింద కొంతమంది "వీణ్ని వెంటనే పీకేయండి" అంటుంటారు, ఇంకొంతమంది "గోరంతను కొండంత చేస్తున్నారు" అంటుంటారు, ఆ మాట పడ్డ మనిషి గురించి మాత్రం ఎవరికీ పట్టదు.

నాకు ఇలాంటప్పుడు చాలా కోపం వస్తుంది. రావాలనే అంటాను. కాకపోతే ఆ కోపం రెండు రోజుల్లో చల్లారిపోయి, చానల్ ఎప్పట్లాగే నడిచిపోయి, పడ్డవాళ్లకి ఒరిగిందేమీ లేకపోతే ఏం లాభం? అందుకే ఇన్నేళ్లలో జరిగినవి చూసి, ఎక్కడ పని జరిగిందో, ఎక్కడ చెడిందో గమనించి ఇది రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. అన్న మాటను గట్టిగా పట్టుకోండి, అన్న మనిషిని కాదు. "వాడికి జాతి పిచ్చి" అని మీరంటే వాడి మనసులో ఏముందో తేల్చే పంచాయితీ మొదలవుతుంది, అది ఎప్పటికీ తేలదు. "ఫలానా నిమిషంలో ఈ మాట అన్నాడు, అది ఇందుకు తప్పు" అంటే తప్పించుకోవడానికి దారి ఉండదు.

ముందు మొత్తం వినండి

పది సెకన్ల క్లిప్ చూసి ఏమీ రాయకండి. ఆ మాటకు ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు వినండి, వీలైతే రెండుసార్లు. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఈఎస్‌పీఎన్ కామెంటేటర్ డగ్ ఆడ్లర్, నల్లజాతి టెన్నిస్ క్రీడాకారిణి వీనస్ విలియమ్స్ నెట్ దగ్గరికి దూసుకొచ్చే తీరు గురించి ఒక మాట వాడాడు. గెరిల్లా యుద్ధం అంటామే, ఆ గెరిల్లా అన్నానని అతను అంటాడు, గొరిల్లా అన్నాడని విన్నవాళ్లు అన్నారు. తెలుగులో రాస్తే రెండూ వేరుగా కనిపిస్తాయి గానీ ఇంగ్లీషులో పలికితే తేడా దాదాపు తెలియదు. చానల్ అతన్ని ఆ టోర్నీ నుంచి తప్పించింది, అతను కోర్టుకెళ్లాడు. మీరు ఎవరి వైపైనా ఉండండి, కానీ మొత్తం విన్నాకే ఉండండి.

అలాగని ఉద్దేశం మంచిదైతే చాలు, మాట ఎలాంటిదైనా పర్వాలేదు అని కాదు. 2024 డిసెంబరులో బ్రిస్బేన్ గబ్బా టెస్టు గుర్తుండే ఉంటుంది. బుమ్రా వికెట్లు తీస్తుంటే ఫాక్స్ క్రికెట్ కామెంటరీలో ఈసా గుహ అతన్ని మెచ్చుకుంటూ "మోస్ట్ వాల్యుబుల్ ప్రైమేట్" అంది. ప్రైమేట్ అంటే కోతులు, వాటితో పాటు మనుషులు కూడా వచ్చే జంతువర్గం. ఆమె భారతీయ మూలాలున్న మనిషి, అన్నది పొగడ్తగానే, ఈ రెండిట్లోనూ నాకు అనుమానం లేదు. కానీ నల్లగా, చామనఛాయగా ఉన్న ఆటగాళ్లను చూసి స్టేడియాల్లో కోతి అరుపులు అరిచిన చరిత్ర దశాబ్దాలది, ఆ చరిత్ర ఉన్నచోట ఆ మాట ఒట్టి జంతుశాస్త్రం మాటగా మిగలదు. మర్నాడు ఆమె లైవ్‌లోనే క్షమాపణ చెప్పింది. పక్కనే ఉన్న రవిశాస్త్రి, ఇలా చెప్పడానికి ధైర్యం కావాలని మెచ్చుకున్నాడు.

కాబట్టి కాగితం మీద రెండు ప్రశ్నలు విడివిడిగా రాసుకోండి. అన్నవాళ్లు ఏం చెప్పబోయారు? పడ్డవాళ్లకు అది ఎలా వినిపిస్తుంది? మనం స్పందించాలా వద్దా అనేది రెండో ప్రశ్న తేలుస్తుంది. ఎంత గట్టిగా స్పందించాలి అనేది మొదటిది తేలుస్తుంది. ఈ రెండూ కలిపేస్తేనే గొడవంతా.

అన్నట్టు, మాట రికార్డులో ఉందో లేదో చూసుకోవడం కూడా ఇక్కడే. 1983లో హోవర్డ్ కోసెల్ అనే పేరున్న అమెరికన్ కామెంటేటర్ ఆల్విన్ గారెట్ అనే నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాణ్ని లైవ్‌లో "చిన్న కోతి" అన్నాడు. ముహమ్మద్ అలీకి దేశంలో సగం మంది ఎదురు తిరిగినప్పుడు అండగా నిలబడ్డ మనిషి కోసెల్. అదే మాట అంతకుముందు తెల్ల ఆటగాణ్ని కూడా అన్నాడు. ఇవన్నీ అతని పక్షాన చెప్పుకోదగ్గవే. కానీ అదే రాత్రి ప్రసారంలోనే "నేను అలా అనలేదు" అని బుకాయించాడు, టేపులో మాత్రం ఉంది. అక్కడ చెడింది.

అది ఏ రకం మాటో తేల్చుకోండి

కొన్ని మాటలకు వివరణ అక్కర్లేదు. 2004లో ఇంగ్లండ్‌లో ఐటీవీకి మాట్లాడే రాన్ అట్కిన్సన్, మ్యాచ్ అయ్యాక మైకు ఆపేశారనుకుని నల్లజాతి ఫుట్‌బాలర్ మార్సెల్ దెసాయిని జాతి పేరుతో బూతు తిట్టాడు. 2006లో కొలంబోలో హషీమ్ ఆమ్లా క్యాచ్ పడితే డీన్ జోన్స్ "టెర్రరిస్టుకి ఇంకో వికెట్" అన్నాడు, ఆమ్లాకు గడ్డం ఉండటం, అతను ముస్లిం కావడం తప్ప ఆ మాటకు ఇంకే కారణమూ లేదు. అట్కిన్సన్ రాజీనామా చేశాడు, జోన్స్‌ని టెన్ స్పోర్ట్స్ తీసేసింది. ఇలాంటివి ఎవరికైనా అర్థమవుతాయి, ఎక్కువ చెప్పను.

రెండో రకం, వెటకారం. యాసను అనుకరించడం, తిండి మీద జోకు వేయడం. 2009లో బాబ్ గ్రీజీ అనే వ్యాఖ్యాత, కొలంబియా రేసర్ మోంటోయా ఎక్కడున్నాడంటే "టాకో తినడానికి వెళ్లుంటాడు" అన్నాడు. టాకో మెక్సికోది, అతనిది కొలంబియా. స్పానిష్ మాట్లాడేవాళ్లంతా ఒకటేలే అన్న లెక్క.

నాకు అసలు బాధ మూడో రకంతో. ఎవరూ ఉలిక్కిపడరు, క్లిప్ తిరగదు, ప్రతి మ్యాచ్‌లో వినిపిస్తుంది. నల్లజాతి ఆటగాడు బాగా ఆడితే "ఏం బలం, ఏం వేగం, పుట్టుకతోనే వచ్చింది". తెల్ల ఆటగాడు బాగా ఆడితే "ఏం బుర్ర, ఎంత కష్టపడతాడు, ఆటను ఎంత బాగా అంచనా వేస్తాడు". రెండూ పొగడ్తలే కదా అనిపిస్తుంది. డెన్మార్క్‌కు చెందిన రన్‌రిపీట్ అనే సంస్థ ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ల సంఘం పీఎఫ్‌ఏతో కలిసి 2020లో దీన్ని లెక్కపెట్టింది. ఇంగ్లండ్, ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్ లీగుల్లో 80 మ్యాచ్‌ల ఇంగ్లీషు కామెంటరీ విని, 643 మంది ఆటగాళ్ల మీద వచ్చిన 2,073 వ్యాఖ్యలు రాసుకున్నారు. తెలివిని మెచ్చుకున్న వ్యాఖ్యల్లో 62.6 శాతం లేత రంగు ఆటగాళ్లకు పోయాయి. తెలివి లేదని తప్పుపట్టిన వాటిలో 63.33 శాతం ముదురు రంగు వాళ్ల మీద పడ్డాయి. బలం గురించి మాట్లాడేటప్పుడు అది ముదురు రంగు ఆటగాడి గురించి అయ్యే అవకాశం 6.59 రెట్లు, వేగం గురించైతే 3.38 రెట్లు ఎక్కువ.

ఇందులో ఏముంది అంటారా, చాలా ఉంది. ఆట మానేశాక ఎవరు కోచ్ అవుతారు, ఎవరు మేనేజర్ అవుతారు అనేది "బుర్ర ఉన్నవాడు" అన్న పేరు మీదే నడుస్తుంది. 1987లో, జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు, అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన బేస్‌బాల్ మేజర్ లీగులోకి అడుగుపెట్టి 40 ఏళ్లయిన సందర్భంగా ఏబీసీ టీవీలో చర్చ పెడితే, నల్లజాతి మేనేజర్లు ఎందుకు లేరు అన్న ప్రశ్నకు డాడ్జర్స్ జట్టు అధికారి ఆల్ క్యాంపానిస్, బహుశా ఆ పనికి కావలసినవి వాళ్లలో లేవేమో అన్నాడు. మరుసటి ఏడాది జనవరిలో సీబీఎస్ వ్యాఖ్యాత జిమ్మీ స్నైడర్, బానిసత్వం రోజుల్లో యజమానులు బలమైనవాళ్లను జతకూర్చి పిల్లల్ని కనేలా చేశారు కాబట్టే నల్లవాళ్లు బాగా ఆడతారన్నాడు, కోచింగ్ కూడా వాళ్లకే ఇస్తే తెల్లవాళ్లకు ఏం మిగలదన్నాడు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. "పుట్టుకతో వచ్చిన బలం" అనే పొగడ్తను చివరిదాకా లాగితే తేలేది ఇక్కడే.

ఇది పట్టుకోవడానికి ఒక పని చేయండి. మ్యాచ్ సగం సేపు ఒక కాగితం పెట్టుకుని కూర్చోండి. నిలువుగా నాలుగు గడులు: బలం, వేగం, తెలివి, కష్టం. కామెంటేటర్ ఎవర్ని మెచ్చుకున్నా ఆ గడిలో ఆటగాడి పేరు రాయండి, తప్పుపడితే పేరు పక్కన చిన్న గీత పెట్టండి. నలభై ఐదు నిమిషాల తర్వాత ఏ గడిలో ఎవరి పేర్లున్నాయో చూడండి. ఒక్క మ్యాచ్‌తో ఏదీ రుజువు కాదు, ఆరేడు మ్యాచ్‌లు ఒకే కామెంటేటర్‌వి రాసుకుంటే మాత్రం చానల్‌కు పంపదగ్గ కాగితం మీ చేతిలో ఉంటుంది, ఒక తిట్టు మీద వెయ్యి మంది అరిచినదాని కంటే దీన్ని కాదనడం వాళ్లకు కష్టం.

వివరాలు అప్పటికప్పుడే రాసుకోండి

తేదీ, చానల్, ఏ మ్యాచ్, ఏ నిమిషం లేదా ఏ ఓవర్, ఎవరు అన్నారు, ఏ మాటలు. ఏ ప్రసారం అనేది మరిచిపోకండి, ఒకే మ్యాచ్ పది దేశాలకు పది రకాలుగా పోతుంది. అట్కిన్సన్ తిట్టు ఇంగ్లండ్‌లో ఎవరికీ వినపడలేదు, మైకు ఇంకా తెరిచి ఉన్న మధ్య ప్రాచ్యంలో వినపడింది. జోన్స్ మాట యాడ్స్ సమయంలో అన్నది, దక్షిణాఫ్రికాలో వినపడింది. "నేను చూశాను, అలాంటిదేమీ లేదు" అని ఎవరైనా మీతో వాదిస్తే వాళ్లు అబద్ధమాడుతున్నారని అనుకోకండి, వాళ్లు చూసింది వేరే ఫీడ్ అయ్యుంటుంది.

ఫిర్యాదు ఎక్కడికి, ఎలా

ముందు చానల్‌కే. ఎక్కడైనా ఇదే పద్ధతి మంచిది, చాలాచోట్ల రూలు కూడా. బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థకు ప్రసారమైన 20 పని దినాల్లోపు రాయాలి, బీబీసీ మీదైతే ముందు బీబీసీకే రాయాలి. ఆస్ట్రేలియాలో కమర్షియల్ టీవీ మీద 30 రోజుల్లోపు చానల్‌కు రాసి, 60 రోజుల్లో జవాబు రాకపోతే అప్పుడు అక్కడి నియంత్రణ సంస్థ ఏసీఎంఏకు వెళ్లాలి. గడువు దాటితే ఎంత న్యాయమైన ఫిర్యాదైనా పక్కన పెట్టేస్తారు. అమెరికాలో ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి రాస్తే పెద్దగా ఫలితం ఉండదు, ప్రసారాల్లో మాటలను సెన్సార్ చేసే అధికారం దానికి లేదని కమ్యూనికేషన్స్ చట్టం 326వ సెక్షన్ చెప్తుంది. అక్కడ మన మాట చెల్లేది చానల్ దగ్గర, యాడ్స్ ఇచ్చే కంపెనీల దగ్గర.

యాడ్స్ ఇచ్చేవాళ్ల బలం ఎంతో 2007 ఏప్రిల్‌లో తెలిసింది. రట్గర్స్ యూనివర్సిటీ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ ఫైనల్లో ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే రేడియో హోస్ట్ డాన్ ఐమస్, ఎక్కువమంది నల్లజాతివాళ్లైన ఆ అమ్మాయిల జుట్టు మీద, వాళ్ల నడత మీద అసహ్యమైన మాట అన్నాడు. మొదట రెండు వారాల సస్పెన్షన్‌తో సరిపెట్టారు. తర్వాత ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, స్టేపుల్స్, జనరల్ మోటార్స్ లాంటి కంపెనీలు యాడ్స్ ఆపేశాయి. ఎంఎస్ఎన్‌బీసీ 11న, సీబీఎస్ రేడియో 12న అతన్ని పంపించేశాయి. కంపెనీలకు రాసేటప్పుడు బెదిరించకండి, "మీ ప్రకటన ఈ కార్యక్రమంలో వచ్చింది, అందులో ఈ మాట అన్నారు, మీరు దీన్ని సమర్థిస్తున్నారా?" అని అడగండి చాలు.

ఫిర్యాదు చిన్నదిగా ఉండాలి. ఇలా రాయొచ్చు:

"శనివారం రాత్రి మీ చానల్‌లో వచ్చిన మ్యాచ్ 63వ నిమిషంలో మీ వ్యాఖ్యాత ఫలానా ఆటగాడి యాసను అనుకరించి నవ్వారు. అతని ఆటకు, ఆ అనుకరణకు ఏ సంబంధమూ లేదు. అదే భాష ఇంట్లో మాట్లాడే పిల్లలు కూడా ఆ మ్యాచ్ చూశారు. దీనికి మీరు ఇదే సమయంలో, ఇదే కార్యక్రమంలో క్షమాపణ చెప్పాలని కోరుతున్నాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను."

ఐదు వాక్యాలు. ఏం జరిగింది, ఎందుకు తప్పు, ఏం కావాలి. తిట్లు లేవు, పెద్ద అక్షరాలు లేవు. చదివే ఉద్యోగికి పక్కన పడేసే సాకు దొరకదు.

ఇంకో సంగతి. 2019 నవంబర్‌లో కెనడా హాకీ వ్యాఖ్యాత డాన్ చెర్రీ, వలస వచ్చినవాళ్లు అమరవీరుల జ్ఞాపకార్థం పెట్టుకునే పాపీ పువ్వు పెట్టుకోవట్లేదని "మీలాంటివాళ్లు" అంటూ మాట్లాడాడు. అక్కడి ప్రసార ప్రమాణాల మండలికి ఎన్ని ఫిర్యాదులొచ్చాయంటే, ఇక పంపకండి, మా వల్ల కావట్లేదు అని చెప్పాల్సి వచ్చింది. అలాంటప్పుడు అక్కడికే ఇంకోటి పంపి ఉపయోగం లేదు. మీ శ్రమ ఇంకోచోట పెట్టండి. చెర్రీ పక్కన కూర్చున్న రాన్ మక్లీన్ ఆ క్షణంలో బొటనవేలు పైకెత్తి చూపించి, తర్వాత నేను ఆపాల్సింది అని క్షమాపణ చెప్పాడు. ఆ మాట నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది, ఎందుకంటే మనలో చాలామంది ఉండేది చెర్రీ కుర్చీలో కాదు, మక్లీన్ కుర్చీలో. స్నేహితుల మధ్య మ్యాచ్ చూస్తున్నప్పుడు ఎవరో అలాంటి మాటే అంటే, నవ్వకుండా "అలా వద్దురా" అనడం కూడా ఇందులో భాగమే.

పోస్టు పెట్టేటప్పుడు

ఆ బూతు మాటను మళ్లీ పూర్తిగా రాయకండి, ఫొటో మీద పెద్ద అక్షరాల్లో అసలే వేయకండి. 2008లో గోల్ఫ్ చానల్ యాంకర్ కెల్లీ టిల్గ్‌మన్, టైగర్ వుడ్స్‌ని ఓడించాలంటే కుర్రాళ్లు సందులోకి తీసుకెళ్లి గుంపుగా చంపాలన్నట్టు, నల్లవాళ్లను ఉరితీసిన చరిత్ర ఉన్న మాట వాడింది. రెండు వారాలు సస్పెండ్ చేశారు. తర్వాత ఒక గోల్ఫ్ పత్రిక దాని మీద కథనం రాస్తూ కవర్ మీద ఉరితాడు బొమ్మ వేసింది, ఆ ఎడిటర్ ఉద్యోగం కూడా పోయింది. తప్పును చూపించబోయి అదే గాయాన్ని మళ్లీ కెలకడం అంటే ఇదే.

అన్నవాళ్ల ఇంటివాళ్ల జోలికి వెళ్లకండి. వాళ్ల రూపాన్ని, కులాన్ని, దేశాన్ని తిట్టకండి. జాతి పేరుతో అన్న మాటకు జాతి పేరుతోనే జవాబిస్తే మీ ఫిర్యాదు అక్కడితో చచ్చిపోతుంది.

ఆటగాణ్ని ట్యాగ్ చేసి "మీరేమంటారు?" అని వెంటపడకండి. ఇది చాలామంది మంచి మనసుతోనే చేస్తారు, కానీ అతనికి రేపు మ్యాచ్ ఉంది, ఆ మాట ఇప్పటికే ఒకసారి విన్నాడు, మనం వెయ్యిసార్లు వినిపిస్తున్నాం. మాట్లాడాలనిపిస్తే అతనే మాట్లాడతాడు. రట్గర్స్ అమ్మాయిలు 2007 ఏప్రిల్ 10న కోచ్ వివియన్ స్ట్రింగర్ పక్కన వరుసగా కూర్చుని, కెప్టెన్ ఎసెన్స్ కార్సన్ ముందుండి మాట్లాడితే, అప్పటిదాకా ఐమస్ చుట్టూ తిరుగుతున్న కెమెరాలు వాళ్ల వైపు తిరిగాయి. వాళ్లు చదువుకుంటున్న పిల్లలని, ఫైనల్ దాకా వచ్చారని అప్పుడు జనానికి కనిపించింది. తర్వాత వాళ్లు ఐమస్‌ని ఎదురుగా కలిసి, అతని క్షమాపణ ఒప్పుకున్నారు కూడా.

ఆటగాడు "నేనేం బాధపడలేదు" అంటే? 2021లో జపాన్ బేస్‌బాల్ ఆటగాడు షోహెయ్ ఓటాని బ్యాటింగ్‌కు వస్తుంటే డెట్రాయిట్ వ్యాఖ్యాత జాక్ మోరిస్ ఆసియా యాసను వెక్కిరిస్తూ మాట్లాడాడు, ఓటాని తనకేం అనిపించలేదన్నాడు. అది అతని పెద్దమనసు, గౌరవించాలి. కానీ ఆ మాట వింది అతనొక్కడే కాదు కదా. క్షమించే హక్కు అతనిది, ప్రశ్నించే హక్కు విన్న ప్రతివాళ్లదీ.

క్షమాపణ వచ్చాక

చదవండి, నెమ్మదిగా. మూడు చూడండి: ఏం అన్నారో చెప్పారా, ఎవరికి చెప్తున్నారో పేరు పెట్టి చెప్పారా, "ఎవరైనా నొచ్చుకుంటే" అనే షరతు ఉందా. మోరిస్ ఆ మ్యాచ్‌లోనే సారీ చెప్పాడు గానీ "ఎవరినైనా నొప్పిస్తే" అనే మాట కలిపాడు. నొచ్చుకోవడం విన్నవాళ్ల తప్పన్నట్టు అవుతుంది అలా అంటే. 2021లోనే ఓక్లహామాలో ఒక హైస్కూలు ఆట లైవ్‌లో, జాతీయగీతం సమయంలో మోకాలి మీద కూర్చున్న అమ్మాయిలను జాతి పేరుతో తిట్టిన వ్యాఖ్యాత, షుగర్ పెరిగి అలా అన్నానని చెప్పాడు. షుగర్ ఉన్నవాళ్లు కోట్లమంది ఉన్నారు.

మంచి క్షమాపణ వస్తే ఒప్పుకోండి, పైకి చెప్పండి కూడా. ఓటాని ఇంటర్‌ప్రిటర్‌తో మాట్లాడటం బేస్‌బాల్‌కు నష్టమన్న ఈఎస్‌పీఎన్ వ్యాఖ్యాత స్టీఫెన్ ఎ. స్మిత్ మొదట సమర్థించుకున్నాడు, తర్వాత తప్పు ఒప్పుకున్నాడు, మర్నాడు తన షోలోనే ఇతరులు అది ఎందుకు తప్పో చెప్తుంటే కూర్చుని విన్నాడు. మనం అడగాల్సింది ఇలాంటిది.

ఉద్యోగం తీసేయమని అడగాలా? నా అభిప్రాయం, బూతు తిట్టుకు, బుకాయింపుకు, పదే పదే చేసినదానికి అడగండి. నోరు జారి, వెంటనే ఒప్పుకున్నవాళ్లకు వద్దు. 2023లో ఓక్లాండ్ బేస్‌బాల్ వ్యాఖ్యాత గ్లెన్ కైపర్, నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం పేరు పలకబోయి లైవ్‌లో నల్లవాళ్లను తిట్టే బూతు మాటే పలికాడు, పలకడంలో పొరపాటైందన్నాడు. ఆ మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్, ఆ మాట బాధ కలిగించేదేనంటూనే, క్షమాగుణంతో మాట్లాడాడు. చానల్ తీసేసింది. ఇది సరైందో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తీసేయడం కాకుండా అడగదగ్గవి ఉన్నాయి. 2012లో ఆసియా మూలాలున్న అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు జెరెమీ లిన్ మీద చైనావాళ్లను తిట్టే పదంతో ఈఎస్‌పీఎన్ సైట్‌లో హెడ్డింగ్ వచ్చాక ఎడిటర్‌ని తీసేశారు, అదే సమయంలో ఆసియన్ అమెరికన్ జర్నలిస్టుల సంఘం లిన్ గురించి రాసేటప్పుడు ఏ మాటలు వాడకూడదో ఒక జాబితా విడుదల చేసింది. క్యాంపానిస్ ఉదంతం తర్వాత బేస్‌బాల్ కమిషనర్ సామాజికవేత్త హారీ ఎడ్వర్డ్స్‌ని సలహాదారుగా పెట్టుకున్నాడు. కాబట్టి చానల్‌ని ఇలా అడగండి: మీ వ్యాఖ్యాతలకు ఇచ్చే మార్గదర్శకాలు ఉన్నాయా, ఉంటే బయటపెడతారా, కామెంటరీ బాక్సులో ఎవరెవరు కూర్చుంటున్నారు, విదేశీ ఆటగాళ్ల పేర్లు ఎలా పలకాలో ముందే నేర్పిస్తున్నారా.

పంపిన ఫిర్యాదు నంబరు, తేదీ ఒకచోట రాసి పెట్టుకోండి. మూడు వారాలకు ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. అప్పటికి ఆ క్లిప్‌ని అందరూ మరిచిపోయి ఉంటారు, మీరు పంపే రెండో మెయిల్‌లో నంబరు వేసి "దీనికి జవాబు రాలేదు" అని ఒక్క వాక్యం రాయండి.